అమ్మమ్మ చేసిన ఫోను

ఈ ఉదయం ఏడూ పదికి బెంజ్ సర్కిల్ దగ్గర షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్నావిడ లవంగం నములుతోంది. ఆ వాసనకు అమ్మమ్మ గుర్తొచ్చింది.

అమ్మ పోయాక కొండపల్లిలో నన్ను అమ్మమ్మే పెంచింది. కొయ్యబొమ్మలకు రంగులు వేసేది. కూతురు పోయిన ఏడాదే తాగటం మొదలుపెట్టింది. మొదట నడుంనొప్పికి అంది. తరవాత కారణం చెప్పటం మానేసింది. సాయంత్రం కాస్త తాగి, లవంగం నోట్లో వేసుకుని, నాకు జడ వేసేది. పాపిడి వంకరపోయేది. మర్నాడు ఆ జడతోనే బడికి వెళ్ళేదాన్ని.

ఒకసారి మైలవరం నుంచి పెద్దమ్మ వచ్చింది. “ఇంకోసారి తాగావంటే పిల్లని తీసుకుపోతానమ్మా” అంది. నావైపు తిరిగి, “రోజూ సాయంత్రం ఊదించు. వాసనొస్తే నాకు ఫోన్ చెయ్యి” అంది. నాకప్పుడు పదేళ్ళు. అమ్మమ్మను వదిలి వెళ్ళటం కంటే పెద్ద భయం నాకు లేదు.

మర్నాడు అమ్మమ్మ నా ముందు గొంతుక్కూర్చుని, “రావే పోలీసమ్మా, చూసుకో” అని ఊదింది. ఇద్దరం నవ్వాం. పంతొమ్మిది రోజులు వాసన లేదు. ఇరవయ్యో రోజు అమ్మ పుట్టినరోజు. లవంగం వెనక ఆ వాసన ఉంది. పెద్దమ్మే ఫోన్ చేసి అడిగింది. “ఏం లేదు పెద్దమ్మా” అన్నాను.

ఆమె పెట్టేశాక అమ్మమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుని తనే మళ్ళీ చేసింది. “తాగానే. పిల్ల నీతో అబద్ధం చెప్పింది. వచ్చి తీసుకుపో.”

“ఎందుకు చెప్పావు?” అని ఏడ్చాను.

“ఇట్టాంటి అబద్ధాలు నాకు నేను రోజూ చెప్పుకుంటున్నానే. ఎట్టా అలవాటవుతాయో నాకు తెలుసు. నీకొద్దు.”

మైలవరంలో పెరిగాను. ఆదివారం పది గంటల బస్సుకు అమ్మమ్మ వచ్చేది. తాగనప్పుడే వచ్చేది. రాని ఆదివారాల గురించి మేమెవరమూ అడగలేదు. అవి తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. నాకు విజయవాడలో ఉద్యోగం వచ్చాక ఇక్కడికి రావటం మొదలుపెట్టింది. బస్సు వచ్చే వేళకి నేను బస్టాండులో ఉండేదాన్ని. ఎవరైనా తమ తప్పు తామే చెప్పుకుంటే మరో ప్రశ్న వెయ్యకపోవటం నాకు ఆమె వల్ల వచ్చింది.

పోయిన వానాకాలంలో అమ్మమ్మ చనిపోయింది. ఆదివారాలు నేనిప్పుడు బస్టాండుకు వెళ్ళటం లేదు.