తాలుకాయల పొగలో నారాయణపక్షులు

కొంగల జంట గూడు కట్టుకోవడం ముచ్చటగా ఉంటుందనేవాళ్లెవరూ దాన్ని దగ్గరగా చూసి ఉండరు. అదొక కొట్లాట. మా కుంటగట్టు తుమ్మచెట్టు మీద మొన్న మాఘంలో రెండు నారాయణపక్షులు గూడు మొదలుపెట్టాయి. మగది చేలో పీకిపడేసిన పత్తికట్టె పుల్ల తెచ్చేది. ఆడది అందుకునేది, నచ్చకపోతే మెడ మీద పొడిచేది. పక్కకొమ్మ కొంగ ఒకటి పుల్ల దొంగిలించబోతే మగది దాని కంటికింద చీల్చేసింది. తెల్లటి మెడ మీదుగా నెత్తురు కారింది. అన్నీ ఫొటోలు తీశాను. నేను బడికి పోలేదు. అక్షరాలు పొట్లాం కాగితాల మీద నేర్చుకున్నాను, ఫొటోలు తీయడం కెమెరాలు పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. గూడు పూర్తయ్యేదాకా రోజూ తీయాలని పంతం పట్టాను.

చెట్టుకిందే కళ్లం. నాకు తమ్ముడి వరసైనవాడి కొడుకు అక్కడ మిరపకాయలు ఆరబోశాడు. రెట్టలు పడి కాయ మచ్చలు పట్టింది. మచ్చకాయను కొనేవాడు చేత్తో కూడా ముట్టడు, వాడి మంట నాకు తెలియనిది కాదు. అవతలి గట్టున ఆరబోసుకోరా అని ముందే చెప్పాను. వినలేదు. ఒక పొద్దున, రంగు పోయి పనికిరావని ఏరిపారేసిన తాలుకాయలను చెట్టు మొదట్లో కుప్పపోసి నిప్పు పెట్టాడు.

మిరపపొగ గొంతులో కత్తి దింపుతుంది. తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు మూతులకు కొంగులు అడ్డం పెట్టుకుని, వాణ్ణి తిట్టుకుంటూ పరుగెత్తారు. పైన ఆడపక్షి నోరు తెరుచుకుని గూటి మీదే నిలబడింది. నేను పోయి కుప్పను కాలితో తన్నాను.

“జరుగు పెదనాన్నా. అంత ముద్దయితే నీ నడినెత్తిన కట్టించుకో గూడు.”

“మీ తాత ఈ కుంటలో చేపలు పట్టేనాటికే ఈ చెట్టు మీద కొంగలున్నాయిరా. నీ కళ్లం వచ్చింది నిన్నగాక మొన్న.”

వాడు కాయలు కోసే పొడుగాటి దోటికర్ర ఎత్తి గూటిలోకి పొడిచాడు. నేను పట్టుకున్నాను. వాడు విదిలించి లాగేసరికి దోటి మొదలు నా కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. గూడు పుల్లపుల్లగా మంటలో రాలింది. అప్పుడు ఎగిరింది ఆడది.

అంతలో మగది ముక్కున పుల్లతో వచ్చింది. బోడికొమ్మ మీద వాలి, పుల్లను ముందుకు చాచి అలాగే నిలబడింది. మెడలో వేలాడుతున్న కెమెరాతో, ఎడంచేత్తో ఫొటో తీశాను.

నా చేయి చూసి వాడు దోటి కింద పడేసి, ఆసుపత్రికి బండి తీస్తానన్నాడు. నీ బండి నేనెక్కనన్నాను.

ఎముక అతుక్కుంది. ఆ ఫొటోను గోడకు తగిలించాను. వాడిప్పటికీ మా ఇంటికొస్తాడు, ఆ గోడకు వీపు పెట్టి కూర్చోబోతాడు. నేను లేచి కుర్చీని ఫొటో వైపు తిప్పివేస్తాను.