పేరు పెట్టే చరణం

మా రాయదుర్గం దిక్కు ఎవరింట్ల పీనుగ లేసినా ఇయ్యాల ఒక్కటే గొంతు ఇనబడతది. అది పెంటయ్య గొంతు. దాన్ని వాయించేది నేను. సాయిలు మైక్‌సెట్ అంటే మణికొండ దాకా అందరికీ ఎరుకే. పెండ్లికీ నేనే, పీనుగకూ నేనే. ఈ ముచ్చట చెప్పాలంటే నాకే సిగ్గయితది. అయినా చెప్త. ఎందుకంటే పెంటయ్యను చూసి నవ్వెటోళ్లు ఎక్కువైన్రు, ఆయన కథ ఏందో ఎరుకలేని కొత్తోళ్లు అంతకంటే ఎక్కువైన్రు.

పెంటయ్య బండలు కొట్టెటోడు. ఈ గుట్టల మీదనే వాళ్ల నాయిన కొట్టిండు, ఆయన తర్వాత ఈయన కొట్టిండు. పొట్టి మనిషి, చెవుల నిండ వెంట్రుకలు, మాట్లాడమంటే నాలుగు మాటలు గూడ రావు. భార్య రుక్కమ్మ, రెండు బర్లు, ఒక రేకుల ఇల్లు. పిల్లలు కాలేదు. ఇగ మిగిలింది పాట.

మా దిక్కు ఎవరన్న పోతే పాడె ముంగట భజన మండలి నడుస్తది. తత్వాలు పాడుతరు. ఒకడు ముందు పాడితే ఆరుగురు వంత అందుకుంటరు. సగం తొవ్వల పాడె కింద దింపి, దగ్గరోళ్లు చెవుల మూడుపార్లు పేరు పెట్టి పిలుస్తరు. పానం యాడన్న దాగి ఉంటే పలుకుతదేమోనని ఆశ. దాన్నే దింపుడు గల్లం అంటరు. ఆడనే మండలి ఆఖరు చరణం పాడుతది. అందుల పోయినోళ్ల పేరు పెడతరు.

ఆ పేరు పెట్టుడు పెంటయ్య పెట్టినట్టు ఇంకెవడూ పెట్టలే. ఊకె పేరు గాదు, ఆ మనిషి బతుకంత ఒక్క ముక్కల తెచ్చి ముంగట పెట్టెటోడు. చింతచిగురు అమ్మే ఎల్లమ్మ పోయిన్నాడు, గంప దించి ఏడికి పోతివే ఎల్లమ్మా అని పిలిచిండు. చిగురు కొననోళ్లు గూడ ఏడ్చిన్రు. మా అమ్మ పోయిన్నాడు నాకు పొద్దుగాల నుంచి కంట్ల నీళ్లు రాలే, నా మీద నాకే భయమైంది. పెంటయ్య అమ్మ పేరు పెట్టి పిలిచిండు, నేను తొవ్వల కూలబడ్డ. ఆ బాకీ నేను ఎట్ల తీర్చిన్నో ఇగ చెప్త.

తొంభై ఏడుల నేను కొత్త టేప్‌రికార్డర్ కొన్న. ఆట కోసమని పెంటయ్య పాటను పట్టి, ఆయనకే ఇనిపించిన. ఆయన తన గొంతు తను ఇనుడు అదే మొదలు. నాలుగుపార్లు పెట్టించుకున్నడు. అయిదోపారి పెట్టమని అడగనీకి మొహమాటపడ్డడు. నేను నా నోరు ఊకోక, పెంటన్నా, నీ పేరు మీద ఒక క్యాసెట్ తియ్యాలె అన్న. నా నోట్ల మన్ను పడ, ఆ మాట ఎందుకన్ననో.

ఆ రోజు నుంచి మనిషి మనిషి గాదు. మండలి పెద్ద నారాయణప్ప దగ్గరికి పోయి చెప్పిండు. పెంటయ్యకు చిన్నప్పటి నుంచి పాట నేర్పింది ఆయననే. ముసలాయన మంచిదేనన్నడు, మండలి పేరు మీద తీద్దామన్నడు. పెంటయ్య తలకాయ అడ్డం ఊపిండు.

"ముప్పై ఏండ్ల సంది ఏడుగురిల ఒకన్ని, అప్పా. ఒక్కపారి నేను ఒక్కన్నే కావాలె."

నారాయణప్ప హార్మోనియం పెట్టె మూసిండు. "పాడు, ఒక్కనివే పాడు. నీకు వంత ఎవడు పాడుతడో నేనూ చూస్త" అన్నడు. అంతే, ముప్పై ఏండ్ల పొత్తు ఆడికి తెగింది.

బర్లను అమ్మిన్రు. రుక్కమ్మ వదినె అడ్డం చెప్తదనుకున్న, ఆమెనే పలుపులు ఇప్పి కొన్నోని చేతుల పెట్టింది. మా ఆయన ఫోటో అట్ట మీద పడాలె, మెడల తువ్వాల సాపుగ ఉండాలె అని నాకు పది జాగ్రత్తలు చెప్పింది. ఆమె సంబురం చూస్తే నాకు గూడ సంబురమైంది.

అమీర్‌పేటల ఒక స్టూడియో మాట్లాడినం. అద్దాల గదిల పెంటయ్య, అద్దం బయట నేను. మిషిన్ కాడ కూసున్న పిలగాడు వంత పాడెటోళ్లు ఏరి అన్నడు. నేనే అన్నడు పెంటయ్య. పాట పాడి, దాని మీద మల్ల ఆరుపార్లు వంత పాడిండు. ఒకపారి గొంతు దొడ్డు చేసి, ఒకపారి సన్నం చేసి, ఒకపారి అచ్చం నారాయణప్ప లెక్క ముక్కుతోని. మూడు రోజులు ఆ పిలగాన్ని పరేషాన్ చేసిండు. డప్పు ఎనకకు పోవాలె, తాళాలు చెవి కాడ మోగాలె, ఇది బాగలేదు మల్ల పెట్టు అని. అచ్చరమ్ముక్క రానోడు గా మిషిన్ల ముంగట దొర లెక్క నిలబడ్డడు. నా కండ్లతోని చూసిన, అంత ఖుషీగ ఆయనను మల్ల ఎన్నడూ చూడలే.

అంత అయినంక పేరు పెట్టే చరణం కాడ బండి ఆగింది. బతికున్నోళ్ల పేరు పెడితే వాళ్లకు కీడు. పోయినోళ్ల పేరు పెడితే ఇంటోళ్లు ఊకోరు, మా మనిషిని అంగట్ల అమ్ముతవా అంటరు. పేరు లేకుంట పాడితే అది పిలిచినట్టే గాదు. పెంటయ్య మెట్ల మీద కూసోని ఒక పూటంత బీడీలు తాగిండు. ఆఖరుకు లేసి, నా పేరే పెడత, నా కీడు నాకేనాయె అన్నడు. నేను వద్దనాలె. అనలే. పొద్దుపోతున్నది, స్టూడియో కిరాయి పెరుగుతున్నది, కానియ్ అన్న.

కిరాయి ఇల్లు ఖాళీ జేసి చెప్పకుండ పోతివా,
పిలిస్తే పలుకవేంది, పేరు మరిచి పోతివా,
బండలడిగె, గుట్టలడిగె, ఏడబోతివి పెంటయ్యా.

ఏడు గొంతులు గలిసి ఆ పేరు పిలిచినయి. 

క్యాసెట్ ఇంటికి తెచ్చిన్నాడు నేనే డెక్ మోసుకపోయి పెట్టిన. రుక్కమ్మ వదినె రొట్టెలు చేసుకుంట తల ఊపుతున్నది. పేరు కాడికి వచ్చెటాల్లకు రొట్టె పెనం మీదనే మాడింది.

"నీ నోటితోనే నన్ను ముండమోపిని చేస్తవా?" అన్నది.

మూడు దినాలు మొగనితోని మాట్లాడలే. నాలుగో దినం నన్ను పిలిచి సాక్షి నిలబెట్టి, ఒక ఒట్టు అడిగింది. తనే ముందుగాల పోతదంట. తను పోయిన్నాడు ఆ క్యాసెట్ ముట్టొద్దంట. తన పేరు పెట్టి పెంటయ్యనే నోటితోని పాడాలెనంట. పిల్లలు లేనిదాన్ని, దింపుడు గల్లం కాడ నన్ను పిలిచెటోళ్లు నువ్వు గాక ఇంకెవరున్నరు అన్నది. పెంటయ్య ఆమె చేతుల చెయ్యి వేసిండు.

వెయ్యి క్యాసెట్లు. కోఠిల ప్రతి దుకాణానికి మోసినం. అట్ట చూసి బాగున్నదన్నరు, పాట విని బుగులైతున్నదన్నరు. సావు పాటలు ఇంట్ల ఎవడు పెట్టుకుంటడయ్యా అని ఒకాయన మొఖం మీదనే నవ్విండు. మాకు ఆ మాత్రం తెలివి లేకుండెనా అంటే, లేకుండె. పుట్టిన కాన్నుంచి ఎవరింట్లనూ పాడని పాటను, ఇంట్ల కూసోని ఇనెటందుకు చేసినం. దీన్ని ఏమంటరో మీరే చెప్పున్రి. మాదాపూర్‌ల గుండ్రటి హైటెక్ బిల్డింగ్ కడుతుంటే ఆడ పనిచేసే ఇంజనీరు రామ్మోహనరావు సారు, కోస్తా ఆయన, నా షాపుల నిలబడి ఒక పాట మొత్తం విన్నడు. కండ్లు తుడుసుకున్నడు. "గొంతు బంగారమండి. కానీ ఇంట్లో పెడితే మా ఆవిడ ఊరుకోదండి, ఏమీ అనుకోకండి" అని క్యాసెట్‌ను రుమాలుతోని తుడిసి నా చేతుల పెట్టి పోయిండు. అమ్ముడుపోని క్యాసెట్ల డబ్బాలన్ని పెంటయ్య మంచం కిందికి పోయినయి.

ఇగ నా పాపం ఇనున్రి. తొంభై ఎనిమిది ఎండకాలం మా ఊరి ముసలామె రాజమ్మ పోయింది. నారాయణప్ప మండలి ఆ రోజు కొండాపూర్‌ల ఇంకో సావు కాడ ఉన్నది. రాజమ్మ కొడుకు నా దగ్గరికి వచ్చి, పెంటయ్య క్యాసెట్ ఉన్నది గద సాయన్నా, పెట్టరాదు అన్నడు. మూడు గల్లీల అవుతల పెంటయ్య ఇంట్లనే ఉన్నడు, పిలుద్దామని నాకు తోచలే. ఆటో మీద మైకు డబ్బలు కట్టి క్యాసెట్ పెట్టిన. ఊరంత గుండెలు బాదుకోని ఏడ్చింది. ఆఖరుకు పెంటయ్యా అని పేరు వస్తే నలుగురు ముఖముఖాలు చూసుకున్నరు, ఒకరిద్దరు ముసిముసి నవ్విన్రు, అంతే. మండలి అయితే ఏడుగురికి కల్లు పొయ్యాలె, అన్నం పెట్టాలె, బతిమాలాలె. నా ఆటోకు అవేం వద్దు.

పెంటయ్య తాళాలు చేతుల పట్టుకోని ఉరికొచ్చిండు. తన గొంతు తనకు ఎదురొచ్చింది. ఎవడో కుర్చీ జరిపి, కూసో పెంటన్నా, జర చాయ్ తాగు, నువ్వు పాడుతనే ఉన్నవ్ గద అన్నడు. కూసున్నడు. చాయ్ గూడ తాగిండు. తాళాలు మాత్రం ఒళ్లె పెట్టుకోని బట్టతోని కప్పిండు.

ఏడాది తిరిగెటాల్లకు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మణికొండ, ఎక్కడ చూసినా అదే క్యాసెట్. ఒకటి తీసుకపోయి పది కాపీలు కొట్టుకున్నరు. పేరు ఏదైతేంది, ఏడుపు వస్తున్నది గద అన్నరు. మండలి చెదిరిపోయింది. ఇద్దరు ఆ కొత్త బిల్డింగ్ గేటు కాడ వాచ్‌మన్లు అయిన్రు, నారాయణప్ప ఉన్న ఎకరం అమ్ముకోని శంకర్‌పల్లి పోయిండు. పిల్లగాండ్లు పెంటయ్య ఎంబడి పడి సచ్చిన పెంటయ్య, సచ్చిన పెంటయ్య అని ఉరికేటోళ్లు. నేను రాయి తీసుకోని తరిమేటోన్ని. ఎవన్ని తరిమి ఏం లాభం, క్యాసెట్ తిప్పేది నేనేనాయె.

పాటకు పిలిచెటోడు లేక ఆయన కంకర మిషిన్ల పనికి పోయిండు. కొత్త రోడ్లకు ఎంత కంకరున్నా చాలకపోయె. పొద్దంత తెల్లటి దుమ్ము. ఆరు నెలలల దగ్గు పట్టింది, గొంతు రంపం కోసినట్టు తయారైంది. దవాఖానల డాక్టరు ఆ పని బంద్ చెయ్యమన్నడు. ఇంకేం పని ఉన్నదో డాక్టరూ చెప్పలే, ఈయనా అడుగలే.

తొంభై తొమ్మిది వానకాలం రుక్కమ్మ వదినెకు కామెర్లు ముదిరినయి. దవాఖానల పంతొమ్మిది దినాలున్నది. మేం పోయినప్పుడల్లా నన్ను కాదు, ఆయననే అడిగేది, పాడుతవు గద అని. పాడుత అనేటోడు. బుగ్గల కరక్కాయ ముక్క పెట్టుకోని, గుట్ట ఎనకకు పోయి సాధన చేసేటోడు. ఒకనాడు నేను ఎనకాల పోయి విన్న. మొదటి వరుస వస్తున్నది. రెండో వరుసల గొంతు ఇరుగుతున్నది. మూడోది లేనే లేదు. నేను చప్పుడు చెయ్యకుంట ఎనకకు మర్లొచ్చిన.

ఇరవయ్యో దినం పొద్దున ఆమె పోయింది. ఎస్టీడీ బూత్ నుంచి నారాయణప్పకు ఫోన్ చేసిన. పానం బాగలేదు, రాలేనన్నడు. వంత ఎవడు పాడుతడో చూస్తనన్న మాట ఆయనకు యాదికి ఉన్నదో లేదో నేను అడుగలే. సెట్టు తీసుకపోవద్దనే అనుకున్న. రుక్కమ్మ తమ్ముడు ఊకోలే, పాట లేకుంట మా అక్కను లేపుతరా అని నా మీదికి వచ్చిండు. ఆటోకు డబ్బలు కట్టిన గని, క్యాసెట్ పెట్టనని పెంటయ్యకు ముందే చెప్పిన.

శ్మశానం తొవ్వను కొత్త రోడ్డు అడ్డంగ కోసింది. ముందు పాడె దింపే జాగ ఇప్పుడు ఆ రోడ్డు నడిమధ్యల ఉన్నది. ఆడనే దింపినం. రెండు దిక్కుల కంపెనీ బస్సులు, లారీలు ఆగినయి. డప్పు ఆపిన్రు. పెంటయ్య ఆమె తలకాడ మోకాళ్ల మీద కూసున్నడు. కిరాయి ఇల్లు ఖాళీ జేసి అని ఎత్తుకున్నడు. వచ్చింది. సన్నగనే, గని వచ్చింది. పిలిస్తే పలుకవేంది అనేకాడ దగ్గు అందుకున్నది. తుడుసుకోని మల్ల ఎత్తుకున్నడు. మల్ల ఆడనే ఇరిగింది. హారన్లు కొడుతున్నరు. మూడోపారి నోరు తెరిస్తే గాలి తప్ప ఏం రాలే.

తమ్ముడు నా దిక్కు చూసి పెట్టు అన్నడు. నేను కదలలే. అప్పుడు పెంటయ్య తల ఎత్తి నన్ను చూసిండు. ఆ మొఖం నాకు సచ్చేదాక యాదికుంటది. చెయ్యి ఊపి పెట్టమన్నడు.

పెట్టిన. క్యాసెట్ ఆ చరణం కాడనే ఉన్నది, పోయిన వారం ఇంకోళ్ల సావుల ఆడనే ఆపిన. గుట్టలు మారుమోగేటట్టు ఏడుగురు పెంటయ్యలు ఏడబోతివి పెంటయ్యా అని పిలిచిన్రు. కింద పెంటయ్య రుక్కమ్మ చెవికి నోరు ఆనించి పిలుస్తున్నడు. పెదవులు ఆడుతున్నయి. ఒకపారి, రెండుపార్లు, మూడుపార్లు. అయిదడుగుల దూరంల ఉన్న, రుక్కమ్మ అన్న పేరు నాకు ఇనబడలే. ఆమెకు ఇనబడ్డదో లేదో ఎరుక లేదు. చెయ్యి సాపితే అందే బటన్, జర సౌండ్ తగ్గించాలెనన్న సోయి నాకు ఇంటికి వచ్చినంక గని రాలే.