గడప బయట చదివిన కార్డు

రజాకార్లకు భయపడి సికింద్రాబాద్ వదిలి బెజవాడ వెళ్లిపోయిన వాళ్లలో మా నాన్న స్నేహితుడైన బట్టల వ్యాపారి ఒకడు. కార్ఖానా పేటలోని తన ఇల్లు అమ్మిపెట్టమని నాన్నకు ముఖ్తార్‌నామా రాసిచ్చాడు. నాన్న సంతకం పెడితే ఆయన పెట్టినట్టే. పోలీసు చర్య అయ్యి ఊరు కుదుటపడ్డాక మారేడ్‌పల్లి బడిలో నాకు పాఠాలు చెప్పే టీచరమ్మ ఆ ఇల్లు కొనడానికి ముందుకొచ్చింది. భర్త లేని మనిషి, ఇద్దరు ఆడపిల్లలు.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున నాన్న స్నానం చేస్తుండగా బెజవాడ నుంచి కార్డు వచ్చింది. నాన్నమ్మకు చదువు రాదు, నేనే చదివాను. వ్యాపారి పోయాడని ఆయన కొడుకు రాశాడు. మా ఇళ్లలో చావు కబురు గడప దాటి లోపలికి రాకూడదు. బయటే చదివి బయటే చించేయాలి. నాన్నమ్మ అలాగే చేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. శుభమా అని బయల్దేరే మనిషికి అలాంటి మాట చెప్పకూడదన్నది ఆవిడ ఇంకో శాస్త్రం.

"నాయినకు ఇప్పుడే చెప్పకు బిడ్డా. పనైనంక నేనే చెప్త" అంది.

నాన్న వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. నాన్నమ్మ రేపు, ఎల్లుండి అంటూ చెప్పనే లేదు.

కొన్నాళ్లకు ఆ కొడుకు వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా సరిగా మొలవలేదు. తండ్రి పోయాక జరిగిన అమ్మకం చెల్లదనీ, తాము తిరిగొచ్చేస్తున్నామనీ, సొమ్ము వద్దు ఇల్లే కావాలనీ అన్నాడు. స్నేహితుడు పోయాడని నాన్న వినడం అప్పుడే. అలాగే అరుగు మీద కూలబడ్డాడు. తర్వాత ఇద్దరూ వకీలు దగ్గరికి వెళ్లారు. మనిషి పోతే ముఖ్తార్‌నామా కూడా పోతుందనీ, అయితే ఆ సంగతి ముఖ్తారైన నాన్నకూ కొన్నవాళ్లకూ తెలియక ముందు జరిగిన అమ్మకం నిలుస్తుందనీ ఆయన చెప్పాడు.

నాన్న ఇంటికొచ్చి వకీలు మాట చెప్పి, అతను రాశానంటున్న కార్డేమైనా వచ్చిందా అని అడిగాడు. నాన్నమ్మ లేదంది. ఆయన నా వైపు చూశాడు. వచ్చిందంటే టీచరమ్మ పిల్లలతో రోడ్డున పడుతుందనుకున్నాను. రాలేదన్నాను. మర్నాడు మా వసారాలో పెద్దమనుషుల ముందు, మా ఇంటికి ఏ కార్డూ రాలేదని నాన్న దేవుడి మీద ఒట్టేశాడు.

ఆ కొడుకు నాన్న వైపు తిరిగాడు.

"ఇల్లు పోతే పోనీ కాకా. కార్డు రాలేదని మాత్రం అనకుండ్రి. నా చేతుల్తోటి రాసి డబ్బాల ఏసిన. అయ్య సచ్చిపోతే దోస్తుకు కబురు సుత పెట్టలేదంటరు నన్ను" అన్నాడు.

ఆస్తి కోసం ఎన్నయినా చెబుతారులే అని ఒక పెద్దాయన నవ్వాడు. నేను తలుపు పక్కనే నిలబడి అంతా విన్నాను, నోరు విప్పలేదు. అతను కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

నాన్న, నాన్నమ్మ ఇద్దరూ పోయాక ఒక వకీలును ధైర్యం చేసి అడిగాను. కార్డు ఇంటికొచ్చినా మీ నాన్నకు ఎవరూ చెప్పలేదు కదమ్మా, అమ్మకం నిలిచేదే అన్నాడు. నిజం చెప్పినా టీచరమ్మ ఇల్లు ఆమెకే ఉండేది. ఆ కొడుకు మాత్రం అబద్ధాలకోరు అనిపించుకోకుండా బెజవాడ బండెక్కేవాడు.