నేను జారి పడలేదు

నన్ను కారు గుద్దింది. చదివేవాళ్లకి ఇది చిన్న మాటలాగే ఉంటుంది. ఈ చిన్న మాటను కాగితం మీదికి ఎక్కించడానికి విరిగిన కాలుతో నేను ఎంతమంది ముందు నిలబడ్డానో చెబితే ఇంకొకరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు, అందుకే కోపంగానే రాస్తున్నాను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్ని. పక్క ఊరి సెంటర్‌కి రోజూ స్కూటీ మీద వెళ్లొస్తాను. మా ఆయన యోహాను ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. ఆయన అన్న, అంటే మా బావ, మా చర్చిలో సంఘపెద్ద. ఊళ్లో ఉండే ఒక కాంట్రాక్టరు పొలాన్ని ఆయన కౌలుకి చేసేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం సెంటర్ మూసి ఇంటికి బయలుదేరాను. రోడ్డు పక్క చేలో ఆడవాళ్లు ఉల్లిగడ్డలు పీకుతున్నారు. చేతులూపితే నేనూ తల ఊపాను. వెనక హారన్ వినిపించింది, ఎడమకి జరిగాను. అద్దంలో తెల్ల కారు కనబడింది. అది కాంట్రాక్టరు ఇంటి కారని కూడా గుర్తుపట్టాను. ఆ తర్వాత నోట్లో మట్టి. లేవబోయి చూసుకుంటే నా కుడి పాదం వేరేవాళ్లదిలా పక్కకి తిరిగి ఉంది. ఎవరో "టీచరమ్మా, టీచరమ్మా" అని అరుస్తున్నారు. అంతవరకే గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి కర్నూల్లో ఆసుపత్రి. తలకు సీటీ స్కాన్ తీశారు, లోపల రక్తం లేదన్నారు. కాలి సంగతి ఆర్థో డాక్టర్ చెప్పాడు. "టిబియా, ఫిబ్యులా, మోకాలి కింద ఎముకలు రెండూ విరిగాయమ్మా. ఓపెన్ ఫ్రాక్చర్. ఎముక బయటికొచ్చి మట్టి చేరింది. ముందు పుండు శుభ్రం కావాలి. అందాకా బయట నుంచి చువ్వలు పెట్టి నిలబెడతాం, ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ అంటారు. రాడ్ తర్వాత చూద్దాం."

చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది లైసెన్సు ఇచ్చే ఆఫీసర్లే. "ఆడమనిషికి బండి ఏంటికమ్మా," "గుంత చూసుకోని తోలాల కదా," "శానా స్పీడుగా పోయింటావు." నేను బండి నేర్చుకుని ఎన్నేళ్లయిందో వాళ్లకి తెలుసు. వాళ్ల పిల్లల్ని ఆ బండి మీదే టీకాలకి తీసుకెళ్లాను. "నన్ను కారు గుద్దింది" అని చెబితే వాళ్లు నా వైపు కాకుండా, మంచం పక్కన నిలబడ్డ మా బావ వైపు చూసేవాళ్లు. ఆయన మెల్లగా చెప్పేవాడు: "తలకు దెబ్బ తగిలిండాది. ఏదేదో మాట్లాడ్తాండాది, ఏమనుకోవాకండి."

అది విని నాకే అనుమానం వచ్చింది. నిజంగానే నాకు మతి చెదిరిందేమో, ఆ తెల్ల కారును నేనే ఊహించుకున్నానేమో అని రాత్రుళ్లు భయపడేదాన్ని. కాలు విరిగినదానికంటే ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

చువ్వలు పెట్టిన కాలికి చీము పట్టింది. జ్వరం, చలి. కల్చర్ టెస్ట్‌కి పంపి యాంటీబయాటిక్ మార్చారు. మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి కుళ్లిన కండ కోసి తీశారు, డీబ్రైడ్‌మెంట్ అంటారు దాన్ని. డ్రెస్సింగ్ మార్చే నర్సు రాగానే నేను దుప్పటి పళ్ల మధ్య పెట్టుకునేదాన్ని. ఇన్ఫెక్షన్ తగ్గాక లోపల రాడ్ వేశారు. వాకర్ ఇచ్చి, కుడి కాలు నేలకు ఆనించొద్దని చెప్పి ఇంటికి పంపారు.

ఇంటికి వెళ్లే రోజు డిశ్చార్జ్ సమ్మరీ నా చేతిలో పెట్టారు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలను. మొదటి పేజీలోనే ఉంది, పేషెంట్ టూ వీలర్ మీద నుంచి తనంతట తానే జారి పడింది అని. డ్యూటీ డాక్టర్ని పిలిపించి ఇదెవరు రాశారని అడిగాను.

"మీరు స్పృహలో లేరు కదమ్మా. మీ ఇంటి పెద్దమనిషి స్కిడ్ అయిందని చెప్పారు, అదే రాశాం. కారు గుద్దిందని చెప్పి ఉంటే పోలీసులకి పంపే ఎంఎల్‌సీ కాగితంలో అలాగే రాసి పంపేవాళ్లం, వాళ్లొచ్చి మీ వాంగ్మూలం తీసుకునేవాళ్లు." ఆ డాక్టరమ్మాయి తప్పేమీ లేదు. విన్నది రాసింది.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక బావని పిలిపించాను. ఆయన ఏమీ దాచలేదు. దాచాల్సిన పని చేశానని ఆయన అనుకోనేలేదు.

"గుద్దింది కాంట్రాక్టరు కొడుకేనమ్మా. పిల్లోనికి పెండ్లి కుదిరిండాది. కేసయితే వాని బతుకు ఏంగావాల? ఆసుపత్రి సంగతి మేం చూసుకుంటామని ఆయప్ప మాటిచ్చినాడు. పెద్దమనుషుల్లో తెగ్గొట్టుకుంటే పోయేదానికి స్టేషన్ ఏంటికి?"

"బావా, కాలు నాది. తెగ్గొట్టేది నువ్వెట్లయితావు?"

"నీ మంచికేనమ్మా. గమ్మునుండు."

మా వైపు అంతా ఇంతే. గట్టు తగువైనా, మొగుడూ పెళ్లాల గొడవైనా, మనిషి కాలు విరిగినా పెద్దమనుషుల్లోనే తెగాలి. స్టేషన్‌కి పోతే ఇంటి పరువు పోయినట్టు లెక్క. ఆ మాటిచ్చిన కాంట్రాక్టరు మొదట్లో పండ్లు పంపాడు. చీము పట్టేనాటికి బావ ఫోన్ ఎత్తడం మానేశాడు. అయినా బావ నోరు విప్పలేదు. ఆ పొలం కౌలు పోతుందని ఆయన భయం. నా ఎముక మీద ఆయన సేద్యం నడుస్తోందన్నమాట.

ఆ వారం మా ఆయన ఇంటికొచ్చాడు. అన్నాళ్లూ అన్న చెప్పిందే నమ్మిన మనిషి, అంతా విన్నాడు. "కౌలు పోతే అన్న ఏం తినాల సుగుణా?" అన్నాడు. "నా కాలు పోతే నేనేం తినాలప్పా?" అన్నాను. మరుసటి రోజు పొద్దున్నే ఆయనే ఆటో పిలిచి నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లాడు.

స్టేషన్లో ఫిర్యాదు తీసుకునే మనిషి డిశ్చార్జ్ కాగితం చదివి నవ్వాడు. "ఆసుపత్రిలో జారి పడితినంటిరి, ఇప్పుడు కారంటాండారు. ఇన్ని నెల్లు ఏం చేస్తాంటివమ్మా?"

"కాల్లో చువ్వలు పెట్టుకోని మంచంలో పండుకోనుంటి సార్."

ఫిర్యాదు తీసుకోలేదు. కాంట్రాక్టరుకి మాత్రం మేమొచ్చిన సంగతి సాయంత్రానికే తెలిసింది.

సెంటర్లో నాతో పనిచేసే ఆయా చెబితే కర్నూలు కోర్టు ఆవరణలో ఉచితంగా న్యాయ సహాయం ఇచ్చే ఆఫీసుకి వెళ్లాం. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ లాయర్ని ఇస్తారు. ఇది ఇన్నాళ్లూ నాకు తెలియదు, చదువుకున్న మా ఊరివాళ్లకీ తెలియదు. మాకు ఇచ్చిన లాయరమ్మ ముందు నా మాట పూర్తిగా విన్నది. నన్ను మధ్యలో ఆపకుండా విన్న మొదటి మనిషి ఆమెనే.

"ఆలస్యమైనంత మాత్రాన కేసు చచ్చిపోదమ్మా. ఎందుకు ఆలస్యమైందో రాద్దాం. స్టేషన్లో తీసుకోకుంటే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపుదాం, సోమవారం అర్జీల రోజు నువ్వే పోయి ఇయ్యి. అప్పటికీ కాకుంటే మేజిస్ట్రేట్ కోర్టు ఉండాది. పరిహారం పిటిషన్ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేయాల. దానికి చట్టంలో ఆరు నెలలే గడువు పెట్టినారు, నీకింకా టైముంది. కాగితాలు ఒక్కటి గూడా పారేయొద్దు, మందుల బిల్లులు, ఎక్స్‌రేలు, నీ లీవు కాగితాలు."

"ఆ పిల్లోనికి పెండ్లంట మేడమ్. వాళ్ల బతుకు పాడైతాదని మా బావ..."

"పిల్లోని మీద కేసు వేరే. నీకు డబ్బు ఇయ్యాల్సింది ఆ కారు ఇన్సూరెన్స్ కంపెనీ. ప్రతి కారుకీ ఆ ఇన్సూరెన్స్ ఉండాలనేది అందుకే. సరే, ఆ పొద్దు చూసినోళ్లు ఎవరన్నా ఉండారా?"

ఉన్నారు. చేలో ఉల్లిగడ్డలు పీకుతున్నవాళ్లంతా మా చర్చివాళ్లే. సాక్ష్యానికి రమ్మని వాళ్ల ఇళ్లకి మనిషిని పంపితే ఒక్కరూ రాలేదు. ఒకామె తాను ఆ రోజు పనికే రాలేదంది. నాకు చేయి ఊపిన మనిషి ఆమె.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. రోగం నుంచి లేచినవాళ్లు ఆరాధనకి వచ్చిన మొదటి ఆదివారం ముందుకెళ్లి, ఏం జరిగిందో, దేవుడు ఎలా గట్టెక్కించాడో సంఘమంతా వినేలా చెబుతారు. చెప్పడం అయ్యాక అందరూ "స్తోత్రం" అంటారు. పాస్టరుగారు నన్ను పిలిచారు. వాకర్ పట్టుకుని ముందుకెళ్లాను. పెద్దల కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు.

"దేవుడు నా ప్రాణం కాపాడినాడు. ఆయన ముందర నిలబడి అబద్ధం చెప్పలేను. నేను బండి మీద నుంచి జారి పడలేదు. ఎనక నుంచి కారు వచ్చి గుద్దింది. ఆ కారు ఎవరిదో మీకు తెలుసు. ఆ పొద్దు చేన్లో ఉండినోళ్లు ఈడనే కూర్చోనుండారు. నా కాల్లో చీము కారినన్ని దినాలూ మీరు నా కోసం ప్రార్థన చేసినారు. చూసింది మాత్రం చెప్పలేదు."

ఒక్కరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "దేవుని సన్నిధిలో తగువులు ఏంటికమ్మా?" అన్నారు. తగువు నేను తెచ్చినట్టు.

గేటు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే మరియమ్మ వచ్చింది. చేలల్లో కూలికి పోయే పెద్దావిడ. "నేను చూసినా టీచరమ్మా. నీ తల నా ఒళ్లో పెట్టుకున్నింది నేనే. ఎవరికీ చెప్పొద్దని మీ బావే అనె. మీ ఇంట్లో మాటే అట్లుంటే కూలోళ్లం మేమేం చెప్పేది? ఇప్పుడు చెప్తా. యాడికి రమ్మంటే ఆడికొస్తా." నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి.

సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చాం. మరియమ్మ వాంగ్మూలం ఇచ్చింది. ఎఫ్ఐఆర్ అయింది. లాయరమ్మ గడువు లోపలే పిటిషన్ వేసింది. కాంట్రాక్టరు మాత్రం మా బావకి కౌలుకిచ్చిన పొలం వెనక్కి లాక్కున్నాడు. ఎవరిని కాపాడడానికి అబద్ధమాడాడో వాళ్లే ఆయన్ని బయటికి నెట్టారు. బావ ఆ కోపం వాళ్ల మీద చూపలేదు, మాతో మాటలు మానేశాడు.

నా కాలు కూడా అంత తేలిగ్గా వదల్లేదు. నడుస్తుంటే లోపల కదులుతున్నట్టు నొప్పి. ఎక్స్‌రే చూసి డాక్టర్, "ఎముక అతుక్కోలేదు. నాన్‌యూనియన్. తుంటి నుంచి కొంచెం ఎముక తీసి అక్కడ పెట్టాలి, బోన్ గ్రాఫ్ట్" అన్నాడు. మళ్లీ థియేటర్, మళ్లీ మంచం, మళ్లీ వాకర్. తర్వాత ఫిజియోథెరపీ. నేను మోకాలు వంచిన ప్రతిసారీ, నన్ను గుద్దిన ఆ కుర్రాడి పెళ్లి భోజనాల గురించి ఎవరో చెబుతూనే ఉన్నారు. మా ఊరంతా వెళ్లి తిన్నది.

ట్రిబ్యునల్లో ఇన్సూరెన్స్ తరఫు లాయరు నన్ను అడిగాడు: "మీకు బండి నడపడం సరిగ్గా రాదు. జారి పడ్డారు. డబ్బు కోసం తర్వాత ఈ కథ అల్లారు. అవునా కాదా?" కాదని చెప్పాను.

మరియమ్మ వచ్చి చూసింది చూసినట్టు చెప్పింది. తర్వాత మా లాయరమ్మ మా బావకి సమన్లు పంపించింది. ఆయన బోనులో నిలబడి కింద చూస్తూ అన్నాడు: "జారి పడిందని నేనే చెప్పినా సార్. నేను ఆడ లేను. కాంట్రాక్టరాయప్ప ఫోన్ చేసి, మావోడు మీ మరదల్ని గుద్దినాడు, నువ్వు పోయి కేసు కాకుండా చూసుకో అనె. అందుకే అట్ల చెప్పినా."

కోర్టు బయట అందరూ ఆయన భుజం తట్టారు. దేవుడు మనసు మార్చాడన్నారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను పోయి ఆటోలో కూర్చున్నాను. పొలం పోయాక చెప్పిన నిజం అది. నా ఎముకకి చీము పట్టిన రోజు చెప్పి ఉంటే ఆయన కాళ్లకి దండం పెట్టేదాన్ని.

తీర్పు వచ్చింది. ప్రమాదం కారు నడిపిన వ్యక్తి నిర్లక్ష్యం వల్లే జరిగిందని రాశారు. ఆ ఒక్క వాక్యాన్ని లాయరమ్మ చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. పరిహారం ఇవ్వమన్నందుకు ఇన్సూరెన్స్ కంపెనీ పైకోర్టుకి వెళ్లొచ్చంటున్నారు. వెళ్లనీ. నా కుడి కాలు కాస్త పొట్టి అయింది, చెప్పు కింద ఎత్తు వేయించుకున్నాను. పొద్దున చలికి రాడ్ ఉన్నచోట లాగుతుంది. స్కూటీ మీదే సెంటర్‌కి వెళుతున్నాను. నా బండి గురించి ఇప్పుడు ఊళ్లో ఎవరూ సలహాలివ్వడం లేదు.

ఇది చదివేవాళ్లకి ఒకటే చెబుతాను. ప్రమాదం జరిగి ఆసుపత్రికి వెళితే కాజువాలిటీలో డాక్టరు మొదట అడిగేది "ఏమైంది?" అని. ఆ ప్రశ్నకి మీ బదులు ఎవరు ఏం జవాబు చెప్పారో తెలుసుకోండి. మీ అన్నయినా, బావయినా, మొగుడైనా సరే, వాళ్ల మాటని నమ్మి వదిలేయొద్దు. స్పృహ రాగానే మనమంతా నీళ్లు అడుగుతాం. తాగండి. తాగిన వెంటనే, నాకేమైందని రాశారో చదివి వినిపించమని అడగండి.