తెలియకుంటే అట్లే పంపమ్మా

మొన్న పొద్దున హిందూపురం నుంచి ఫోన్ వచ్చింది. మా అమ్మాయికి కంప్యూటర్ నేర్పిన సారు ఇక లేరట. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పెనుకొండలో రైలు పట్టాలు చూసుకుంటూ గ్యాంగ్‌మన్‌గా బతికినవాణ్ణి. ఇట్లాంటివి రాయడం నాకు అలవాటు లేదు. అయినా ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

తొంభైల చివర్లో మా అమ్మాయి పాసింజరు రైల్లో హిందూపురం పోయి ఆయన దగ్గర నేర్చుకునేది. సెలవు దొరికితే నేనూ వెంట పోయేవాణ్ణి. ఎంత మంచి మనిషండీ! ఏ పిల్ల సందేహం అడిగినా కుర్చీలోంచి లేచి నిలబడి జవాబు చెప్పేవారు.

ఒకసారి ఆయన ప్రోగ్రాం రాయమని ఒక వరుస ఇచ్చారు. అందులో అంకెలూ ఊళ్ల పేర్లూ కలిసి ఉన్నాయి. అంకె అయితే రెట్టింపు చేయాలి, ఊరి పేరైతే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోకి మార్చాలి. మా అమ్మాయి రాసిన ప్రోగ్రాం అంకెలను సరిగ్గానే రెట్టింపు చేసింది గానీ ఊళ్లన్నిటినీ మాయం చేసేసింది. పక్కనున్న పిల్లలు ఊరుకుంటారా?

"కదిరి యాడ పాయ మే? మడకశిర గూడా మింగేసినావా?"

ఒకటే నవ్వులు. మా అమ్మాయి సంచి తీసుకుని, బయట వరండాలో కూర్చున్న నా దగ్గరికి వచ్చేసింది. "నాకు రాదు నాయనా. రేపట్నుంచి నేను రాను" అంది. పోనీయకుండా నేను సంచి పట్టుకున్నాను. మా ఆశలన్నీ ఆ చదువు మీదే ఉన్నాయి మరి.

అంతలో కరెంటు పోయింది. సారు బయటికి వచ్చి, "కరెంటు పాయె సరే, నువ్వెందుకమ్మా పోతాండావు? రా" అన్నారు. పిల్లలందరినీ వరండాలో వరుసగా నిలబెట్టి తలా ఒక చీటీ ఇచ్చారు. కొన్నింటి మీద అంకె, కొన్నింటి మీద ఊరు. "నువ్వూ నిలబడప్పా" అని నన్నూ లాగారు. నా చీటీ మీద ఏమీ లేదు.

"ముందు నువ్వెవరని అడగమ్మా. ఆ తర్వాతే మార్చు" అన్నారు సారు.

మా అమ్మాయి ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చింది. ఏడు పద్నాలుగైంది. కదిరి చీటీ ఉన్న పిల్ల, పెద్ద అక్షరాలైనట్టు, ఊరి పేరును గొంతు చించుకుని అరిచింది. నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఈయన అంకె గాదు, ఊరూ గాదు సార్. ఏం చేయల్ల?"

"ఏం చేయొద్దు. తెలియకుంటే అట్లే పంపమ్మా. లోపలికి వచ్చినోల్లందరూ బయటికి రావల్ల. తోసేయడానికి మనమెవరు?"

"మా నాయన అట్లే బాగుండాడులే సార్" అంటూ చెయ్యి పట్టి నన్ను అవతలికి దాటించింది. అందరూ నవ్వారు. ఈసారి మా అమ్మాయి కూడా నవ్వింది.

కరెంటు వచ్చాక ప్రోగ్రాం మళ్లీ రాసింది. ఒక్క ఊరూ పోలేదు. అబ్బా, ఆ సంతోషం ఎట్లా చెప్పను! రైల్లో ముక్కూ ముఖం తెలియని వాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాను.

ఇప్పుడు మా అమ్మాయి ధర్మవరంలో పిల్లలకు ఆ చదువే చెబుతోంది. సారును సాగనంపి తిరిగి వస్తూ, "ఈ పొద్దు క్లాసు వద్దులేమ్మా" అన్నాను.

"పిల్లోల్లు వచ్చింటారు నాయనా" అని నేరుగా క్లాసుకే పోయింది.

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. "మా సారు ఏం చెప్పేవారంటే" అని మొదలుపెట్టి ఆగిపోయింది. పిల్లల వైపు వీపు తిప్పి, అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డును చాలాసేపు తుడుస్తూ ఉండిపోయింది.