మేడం గారి అరచేతులు

దెయ్యాలూ గాలీ ధూళీ నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరికైనా దెయ్యం పట్టిందంటే ముందు కడుపునిండా అన్నం పెట్టమనేదాన్ని. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది.

మా ఆయన పోయిన దగ్గర్నుంచి నా అరచేతులు మండేవి. రోజంతా మిరపకాయల తొడిమలు తీస్తే మండుతాయి చూడండి, అట్లా. ఆ ఏడాది నేను మిరపకాయ ముట్టుకోనే లేదు. మజ్జిగలో ముంచాను, ఆముదం రాశాను. పాస్టరు గారు ప్రార్థన చేశారు. డాక్టర్లు చర్మం బాగానే ఉందన్నారు.

అప్పుడే కూతురికి ఆడపిల్ల పుట్టింది. నా మంట ఆ పసిదానికి అంటుకుంటుందేమోనని చేతులు కొంగులో దాచుకునేదాన్ని. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

"ఎందుకమ్మా అంత దూరం పోతావు? అదేమన్నా పామా?" అని కూతురు ఏడ్చింది. తనే నన్ను గుంటూరులో మాటలతో వైద్యం చేసే మేడం దగ్గరకు తీసుకెళ్లింది.

మేడం గారు బల్ల వెనక కూర్చోలేదు. చాప పరిచి నా ఎదురుగా కూర్చున్నారు. వాళ్లమ్మ నల్లపాడు దగ్గర మిర్చి కళ్లాల్లో తొడిమలు తీసి ఆమెను చదివించిందట. "రాత్రిళ్లు చేతులు మండుతుంటే అమ్మకు నేనే అన్నం కలిపి పెట్టేదాన్ని. ఎట్లా ఉన్నావని ఆమెను ఒక్కళ్లూ అడగలేదండీ. అందుకే ఈ చదువు చదివాను" అన్నారు.

మూడు వారాలు నేనేమీ చెప్పలేదు. ఆమె తొందరపెట్టలేదు. నాలుగోసారి "చేతులు ఇవ్వండమ్మా" అని తన చేతుల్లోకి తీసుకున్నారు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతోంది. అప్పుడు నోరు విప్పాను.

పత్తికి పురుగుమందు కలిపింది నేనే. ట్యాంకుకు రెండు మూతలు చాలని మందుల కొట్లో చెప్పారు. పురుగు చావడం లేదని మూడో మూత పోశాను, మా ఆయనకు చెప్పలేదు. ఆయన మొహానికి గుడ్డ కట్టుకోకుండా కొట్టాడు. సాయంత్రానికి చేలోనే పడిపోయాడు.

ఇక్కడ నా కూతురు రాయడం ఆపింది. రాయమన్నాను.

మేడం గారు నా తప్పు లేదని చెప్పలేదు. "ఇన్నాళ్లూ ఆ మూత మీరొక్కరే పట్టుకుని ఉన్నారా అమ్మా" అన్నారు. నేను ఏడ్చినంతసేపూ చేతులు వదల్లేదు.

మా ఊళ్లో బస్సు దిగేసరికి మంట లేదు. ఇంటికెళ్లి పసిదాన్ని ఎత్తుకున్నాను. నా చేతుల్లోనే నిద్రపోయింది.

మరుసటి వారం వెళితే మేడం గారి అరచేతులు ఎర్రగా వాచి ఉన్నాయి. పక్కన గిన్నెలో మజ్జిగ.

"మీరొచ్చి వెళ్లిన పూట నుంచేనండీ. ఏం ముట్టుకున్నారో చెప్పరు" అని అక్కడ పనిచేసే ఆయా గొణిగింది. ఆమె ముట్టుకున్నది నా చేతులే, ఆ రోజు నేను వాటిని సబ్బుతో కడుక్కునే వెళ్లాను.

మేడం గారు నవ్వి, మళ్లీ చేతులు చాపారు. ఇవ్వనన్నాను. "ఇవ్వండమ్మా, ఇంకా చెప్పాల్సింది ఉంది కదా" అని అట్లాగే చాపి కూర్చున్నారు.

ఇచ్చాను. ఆమెవి పెనంలా కాలుతున్నాయి. నావి చల్లగానే ఉన్నాయి. అది ఎట్లా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.