ఐబులు చెప్పిన విమానం సారు

నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఎవరికీ ఉత్తరం కూడా రాసినవాణ్ణి కాదు. ఇది రాయడానికి రెండు నోటుబుక్కులు పాడుచేశాను. మాది రామన్నపేట దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా ఎడ్ల బేరం చేస్తున్నాను. అంటే అంగడి అంగడి తిరిగి ఎడ్లు కొంటాను, అమ్ముతాను. ఈ పని చేసినవాడికి ఎవరి మీదా తొందరగా నమ్మకం కలగదు. పిరికి ఎద్దుకు కల్లు తాగించి హుషారుగా నిలబెట్టేవాళ్లను చూశాను. ముసలి ఎద్దు కొమ్ములు గీకి, నూనె రాసి, వయసు తగ్గించి చెప్పేవాళ్లను చూశాను. నిజం చెప్పాలంటే ఒకటి రెండుసార్లు నేనూ రాశాను.

మా బేరగాళ్లలో ఒక లెక్క ఉంది. ఐబు అంటే లోపం. తన ఎద్దు ఐబు అడగకముందే చెప్పేవాడితో జాగ్రత్తగా ఉండాలి. చిన్నది ఒప్పుకున్నాడంటే పెద్దది దాచాడని అర్థం.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, జడ్చర్ల అవతల ఒక అంగడిలో జత ఎడ్లు అమ్మి బండి మీద వస్తున్నాను. తల మీద నుంచి చిన్న విమానం ఒకటి పోయి పత్తి చేన్ల వెనక దిగింది. మట్టిబాట పట్టుకుని దాని వెంట పోయాను. అక్కడ పొడుగ్గా చదును చేసిన నేల, ఒక రేకుల షెడ్డు, ఇద్దరు మాత్రమే కూర్చోగలిగే విమానాలు రెండు ఉన్నాయి. తల నెరిసిన సారు ఒకాయన పైలట్‌గా రిటైరై అక్కడ విమానం నేర్పుతున్నాడు. డబ్బు కడితే ఒక చుట్టు తిప్పి చూపిస్తారట. ఎడ్ల పైసలు జేబులో వెచ్చగా ఉన్నాయి. కట్టేశాను.

ఎక్కేముందు దాని చుట్టూ తిరిగాను. టైరు తన్ని చూశాను. రెక్క నొక్కి చూశాను. రెక్క కింద వేరే రంగు కనిపించింది.

"ఇదేంది సారు, మాసిక ఏసిండ్రా?"

"మాసికనే తమ్మీ. దిగేటప్పుడు రాయి లేసి తాకింది. మంచిగనే అతికినం," అన్నాడు.

ఆయన తనంతట తానే ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. అయినా ఎక్కాను.

పైకి పోయాక క్వారీ గుంతలు, మందుల కంపెనీల రేకులు, మేకలు కాసే ఒకామె తలెత్తి చూడటం, అన్నీ కనిపించాయి. విమానం నడిపే కర్ర సారు ముందు ఒకటి, నా ముందు ఒకటి ఉన్నాయి; నా ముందున్నది చూపించి పట్టుకోమన్నాడు.

"గట్టిగ వట్టకు. రెండు వేళ్లతోని వట్టుకో."

"పగ్గం లెక్కనా సారు?"

"గంతే. పగ్గం లెక్కనే."

నేను వేలు కదిపితే విమానం కదిలింది. ఎన్నో ఎడ్లను తోలిన చెయ్యి ఇది. ఇంత చిన్న సైగకు ఏ ఎద్దూ మాట వినలేదు. ఒళ్లు జల్లుమంది. దిగాక సారు, "నీ చెయ్యి మెత్తగున్నది తమ్మీ, నేర్చుకుంటె వస్తది," అన్నాడు. అంగడిలో కొనేవాడితో మేమూ ఇలాగే అంటాం, నీ చెయ్యి మంచిదన్నా, పగ్గం నువ్వే పట్టు అని. అందుకే ఆ మాట సంతోషం కలిగించినా లోపలికి పోనివ్వలేదు. కానీ నేర్చుకోవాలన్న కోరిక మాత్రం ఆ రోజే పట్టుకుంది. నలభై దాటినవాణ్ణి, ట్రాక్టర్లు వచ్చి బేరం సగం పోయినవాణ్ణి, ఒక్కసారన్నా ఆ విమానం నేనొక్కణ్ణే నడపాలనుకున్నాను.

ఎట్లా నేర్చుకోవాలని అడిగితే సారు వరసగా ఐబులు చెప్పాడు.

"టెన్త్ పాసయ్యి ఉండాలె. కన్ను, చెవి, గుండె సర్కారు ఒప్పుకున్న డాక్టరే చూడాలె. పోలీసోళ్ల కాయితం కావాలె. రేడియోల ఇంగ్లీషుల మాట్లాడాలె. ఫీజు గంట లెక్కన. రూల్సు పుస్తకంల రాసిన గంటలకన్న నీకు ఎక్కువనే వడ్తయి. గాలి లేస్తె ఆ దినం పాఠం లేదు. వానకాలం సగం అట్లనే పోతది."

"ఫీజు జర తగ్గించు సారు."

"తగ్గది. పెట్రోలోడు నాకు తగ్గిస్తడా?"

మా దగ్గర ధర పైకి చెప్పం. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి చెప్పుకుంటాం. నేను తువ్వాల చేతి మీద వేసుకుని ముందుకు చాపాను. ఆయన తువ్వాలతో సహా నా చెయ్యి పట్టుకుని ఊపి, "మంచిది, మల్ల రా," అన్నాడు.

"కనీసం బయానా అన్న తీస్కో సారు."

"వద్దు. రెండుసార్లు చెప్తెగాని నీకు ఇనవడ్తలేదు, ముందుగాల చెవి సూపిచ్చుకో, టెన్త్ రాయి. అప్పటిదాంక ఎవ్వలకు పైస ఇయ్యకు. నాకు గూడ."

బయానా, అంటే బేరం ఖాయానికి ముందుగా ఇచ్చే పైసలు, వద్దనే బేరగాణ్ణి నేను ఎన్నడూ చూడలేదు. ఎడ్లవాడు పక్కన కూర్చోవడం ఇష్టం లేక ఇన్ని అడ్డంకులు చెప్పాడనుకున్నాను. చెవికి ఆయన చెప్పిన దవాఖానకు పోయాను. కమిషన్ ఉంటుందేమోనని నల్గొండలో ఇంకొకరికి కూడా చూపించుకున్నాను. ఇద్దరూ ఒకటే చెప్పారు, ఎడమ చెవి కొంచెం మందం, కానీ పని ఆగేటంత కాదని.

ఆ తరువాత మహబూబ్‌నగర్‌లో ఒక దళారి దొరికాడు. పైలట్లను చేస్తామని గోడల మీద కాగితాలు అంటించేవాడు. నేను తువ్వాల తీయగానే నవ్వి చెయ్యి లోపల పెట్టాడు. నేను రెండు వేళ్లు నొక్కితే మూడు నొక్కాడు. చివరకు నా మాటకే వచ్చాడు. మనసు కుదుటపడింది. ఇన్నాళ్లకు మన పద్ధతి తెలిసిన మనిషి దొరికాడనుకున్నాను.

"టెన్త్ లేదు గదా," అన్నాను.

"అది నాకిడిసిపెట్టు కాకా. నువ్వు ఎగురుడు సూడు, కాయితం నేను సూస్త."

బయానా ఇచ్చాను. రెండు వారాలకు ఎక్కడో వేరే రాష్ట్రం పేరుతో టెన్త్ మెమో వచ్చింది. మా ఆమె ఏడు చదివింది. తీసుకుని చదివింది.

"ఇంగ్లీషుల డెబ్బై ఎనిమిదంట! మొన్న గోలీల డబ్బ మీద ఏమున్నదో సదువుమంటె నా దిక్కు జూసినవు."

"మెల్లగ. పక్కింటోళ్లు ఇంటరు."

"ఇననియ్యి. నా పెనిమిటి పైలటని చెప్పుకుంట. అవునయ్యా, నువ్వు నాకన్న చిన్నోనివెప్పుడైనవు?"

పుట్టిన తేదీ చూశాను. నా వయసు ఏడేళ్లు తగ్గించి ఉంది. నేను ఎడ్ల కొమ్ములకు నూనె రాసినట్టు ఎవరో నాకు రాశారు. సిగ్గేసింది. అయినా ఆ కాగితం పారేయలేదు. అది చూపిస్తే విమానం ఎక్కొచ్చు. ఆ ఆశతోనే జేబులో పెట్టుకుని సారు దగ్గరికి పోయాను.

"సారు, మా ఊరోడొకడు దొంగ టెన్త్ కాయితం తెచ్చుకున్నడు. ఏమైతది?"

ఆయన నన్ను విమానం దగ్గరికి తీసుకుపోయాడు.

"దొరికితె మల్లెప్పుడు ఎక్కనియ్యరు. దొరకకపోతె ఇంక అన్నాలం, పానానికే మోసం. అగో, ఆ డబ్బల మీద ఏం రాసున్నదో సదువు."

విమానం లోపల గడియారాల్లాంటి డబ్బాలు ఉన్నాయి. అంకెలు చదివాను. కింద ఉన్న ఇంగ్లీషు మాటలు రాలేదు.

"మోటరుది ఏదో, ఎత్తుది ఏదో తెల్వకుంట నువ్వొక్కనివే పైకి వోతె, నిన్నెట్ల దింపాలె తమ్మీ? కింద నుంచి ఇంగ్లీషుల చెప్తరు. నువ్వు ఏమంటవు?"

జేబులోంచి మెమో తీసి ఆయన చేతిలో పెట్టాను. పైనుంచి కింద దాకా చదివాడు.

"ఇంగ్లీషుల నాకన్న ఎక్కువొచ్చినయి గదవయ్యా నీకు," అని మళ్లీ నా చేతికే ఇచ్చాడు. తిట్టలేదు. ఎవరికైనా చెప్తాడేమోనని నెల రోజులు భయపడ్డాను. ఎక్కడా పొక్కలేదు.

దళారిని బయానా అడిగితే, "వాపసు ఎక్కడన్న ఉంటదా కాకా, అంగడి మనిషివి నీకు తెల్వదా?" అన్నాడు. తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను. మెమో పొయ్యిలో పెట్టమని మా ఆమెకిస్తే, "జర ఆగు, మా అన్నకు సూపెట్టి కాలుస్త," అంది. చూపించే కాల్చింది.

ఓపెన్ టెన్త్ కట్టాను. అంగడిలో ఎడ్లు దిగేదాకా డీసీఎం లారీ నీడన కూర్చుని పుస్తకం పట్టుకుంటే తోటి బేరగాళ్లు ఊరుకోరు. "ఏం పైలటు, ఈ జత గాల్ల తోలుకపోతవా?" అంటారు. తెలుగు, లెక్కలు, మిగతావన్నీ గట్టెక్కాయి. ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. ఈలోపు సారు గంట ఫీజు పెంచాడు. మొన్న పోయి, ఇంకా పెరగకముందే ఇప్పటి ధరకు బయానా తీసుకోమని బతిమాలాను.

"ఇంగ్లీషు పాసయ్యి రా తమ్మీ. పైసలు యాడికి వోవు," అన్నాడు.

నన్ను ఇలా తిప్పితే ఆయనకేం లాభమని దారి పొడుగునా ఆలోచించాను. ఆ లాభం ఏంటో ఇప్పటికీ దొరకలేదు. మర్నాడు రామన్నపేట పోయి ఇంగ్లీషు పరీక్షకు మూడోసారి ఫీజు కట్టాను. రసీదు మీద ముద్ర సరిగా పడిందో లేదో వెలుతురులో పెట్టి చూసుకున్నాను.